అమ్మ వైపు చక్రం

జూన్ 4, మంగళవారం

దొరగారు ఈసారి కూడా సీటు వెనక్కి నెట్టేసి వదిలేశారు. నా కాలు బ్రేక్ దాకా అందదని తెలుసు. లోపలి అద్దం పైకప్పు వైపు తిప్పి పెట్టారు. తాళం తిప్పగానే రేడియో పేలింది. పక్క సీట్లో అమ్మ ఉలిక్కిపడి తలుపు పట్టుకుంది. ఇవేవీ మరిచిపోయి చేసే పనులు కావు. పైఅంతస్తులో కూర్చుని ఆలోచించి చేసే పనులు.

దొరగారంటే నా తమ్ముడే. పేరు రాయబుద్ధి కాదు. నాన్న పోయాక అమ్మ బండి తాళాలూ, పనిముట్ల పెట్టే తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టింది. "మగపిల్లాడు, వాడి దగ్గరుండాలి" అంది. ఆ పెట్టెలో ఏ పానా ఎక్కడుంటుందో వాడికి తెలీదు. బస్సుల షెడ్డు నుంచి వచ్చాక నాన్న ఈ బండి కింద దూరితే పక్కన చతికిలబడి టార్చి పట్టుకున్నది నేను. వాడు ఆ టైముకి వీధి చివర బంతి తన్నుకుంటూ ఉండేవాడు. తాళాలు చేతులు మారిన రోజు నుంచి వాడితో నాకు మాటల్లేవు. వాడికీ అక్కర్లేదు. కింద అమ్మా నేనూ, పైన వాడూ వాడి పెళ్ళామూ. మధ్యలో బండి.

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి ఇప్పుడు పంపకాలు. వ్యాయామాలు చేయించే ఆసుపత్రికి మంగళవారం నేను తీసుకెళ్ళాలి, శుక్రవారం వాడు. నేను ముందురోజు సాయంత్రం తాళాలు మెట్ల మీద నుంచి తీసుకోవాలి, పని కాగానే మెట్ల మీద పెట్టేయాలి. అద్దెకి తెచ్చుకున్న బండిలా.

ఇదంతా కాదు రాయాల్సింది. బండి మోగుతోంది. ఊరు దాటి పెద్ద రోడ్డెక్కి వేగం అందుకోగానే కాళ్ళ కింద నుంచి ఒకటే రొద, దూరంగా పిండిమర ఆడుతున్నట్టు. వేగం తగ్గిస్తే తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. క్లచ్ తొక్కి గేరు తీసేసి చూశాను. ఆగలేదు. అంటే ఇంజను కాదు. చక్రం.

"ఏంటే అలా మొహం పెట్టావ్?" అంది అమ్మ.

"మోత వినపడుతోందా?"

"రోడ్డన్నాక మోగదా?"

జూన్ 6

నేను పనిచేసే ఆసుపత్రికి చెవి పరీక్ష కోసం ఒక పెద్దాయన వచ్చాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నాను. నా వేళ్ళు కదిలినప్పుడల్లా నొక్కుతున్నాడు. అనుమానం వచ్చి శబ్దం పంపకుండా ఊరికే వేళ్ళు కదిపాను. నొక్కాడు. మళ్ళీ కదిపాను. మళ్ళీ నొక్కి, నా వైపు చూసి నవ్వాడు. నాకు వినపడటం లేదు అని ఒప్పుకోవడానికి మనుషులకి ఎక్కడలేని ప్రాణసంకటం. రోజూ ఇలాంటి వాళ్ళే. అలాంటివాడు మా ఇంట్లోనూ ఒకడున్నాడు, పైఅంతస్తులో.

జూన్ 7, శుక్రవారం

పొద్దున అమ్మ వాకర్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వాడు మెట్లు దిగుతున్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"అమ్మా, బండి చక్రం మోగుతోందని వాడికి చెప్పు" అన్నాను.

"వాడు ఎదురుగానే ఉన్నాడు కదే!"

"నువ్వు చెప్పు."

వాడు నా వైపు చూడకుండా అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, టైర్లు అరిగాయి, అదే మోత అని నీ కూతురికి చెప్పు. ఆవిడగారు ఆసుపత్రిలో చెవులు చూస్తే చాలు, బండి చూడక్కర్లేదు."

"చెవులున్నవాళ్ళకే వినపడుతుందని చెప్పు."

"మీరిద్దరూ నా నోట్లోంచి ఎన్నాళ్ళు మాట్లాడతారర్రా" అని అమ్మ విసుక్కుంది.  బండి వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగేదాకా రేడియో వినపడుతూనే ఉంది. అంత రేడియో పెట్టుకున్నవాడికి చక్రం ఏం వినపడుతుంది?

పైనుంచి మరదలు తొంగి చూసి "వదినా, టిఫిన్ అయిందా?" అంది. లేదన్నాను. అయింది నిజానికి.

జూన్ 9, ఆదివారం

దొరగారు, దొరసాని బైక్ మీద షికారు పోయారు. తాళాలు మెట్ల మీదే ఉన్నాయి. అమ్మ నిద్రపోతోంది.

బండి తీసుకుని బెల్లం గోదాముల వెనకున్న ఖాళీ రోడ్డు మీదికి పోయాను. వేగం అందుకుని స్టీరింగు మెల్లగా కుడికి తిప్పితే రొద పెరిగింది. ఎడమకి తిప్పితే దాదాపు పోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. తెలియనివాళ్ళెవరైనా కుడికి తిప్పితే పెరిగింది కాబట్టి కుడి చక్రం అంటారు. కాదు. కుడికి తిప్పితే బండి బరువంతా ఎడమ వైపు పడుతుంది. మూలిగేది బరువు మోసేది. నాన్న ఈ మాట చెప్పి, నేను తిరిగి ఒప్పజెప్పేదాకా టార్చి ఆర్పనిచ్చేవాడు కాదు.

ఇంటికొచ్చి ముందు వైపు ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపాను. పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపితే టక్కుటక్కుమంది. చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి దాని వెనకున్న స్ప్రింగు మీద వేశాను. గరగర వేళ్ళలోకి పాకింది. ఎవరైనా లోపల కూర్చుని బ్రేక్ తొక్కితే, ఆ ఊపు ఆగితే, బేరింగేనని ఇక తిరుగుండదు. తొక్కేదెవరు? అవసరం కూడా లేదు. ఎడమ ముందు చక్రం బేరింగ్ పోయింది. అమ్మ కూర్చునే వైపు.

జాకీ దింపి, చేతులు కడుక్కుని, తాళాలు మెట్ల మీద అవి ఉన్న చోటే పెట్టాను. సీటు కూడా వాడు పెట్టినట్టే వెనక్కి నెట్టాను.

అడిగితే చెబుతాను.

జూన్ 11, మంగళవారం

అమ్మని వెనక సీట్లో, నా వెనకాల కూర్చోబెట్టాను. ఆపరేషన్ అయిన కాలు సీటు మీద చాపుకోవడానికి వీలుగా ఉంటుందని.

"ముందయితే గాలి తగులుతుందే" అని సణిగింది.

"కాలు చాపుకోవచ్చు కదమ్మా, వీలుగా ఉంటుంది" అన్నాను.

పెద్ద రోడ్డు మీద పక్కకి తీసి నెమ్మదిగా నడిపాను. వెనకాల లారీలవాళ్ళు హారన్లు కొట్టి చంపారు. "నత్తలా ఏంటే ఈ నడక, అక్కడ ఆ అమ్మాయి ఎదురుచూస్తూ ఉంటుంది" అని అమ్మ. ఆ వ్యాయామాల అమ్మాయి ఏమీ ఎదురుచూడటం లేదు, ఫోన్ చూసుకుంటోంది. "ఆంటీ, ఈ వారం మెట్లు ఎక్కిద్దాం" అంది అమ్మతో. అమ్మ చిన్నపిల్లలా మురిసిపోయింది. మెట్లెక్కగలిగితే మొదట ఎక్కడికి వెళుతుందో నాకు తెలుసు. పైకి, కొడుకు దగ్గరికి.

జూన్ 14, శుక్రవారం

పనినుంచి వచ్చేసరికి వరండాలో దొరగారి ఉపన్యాసం. ఈ రోజు రేడియో పాడై మూగబోయిందట, అప్పుడు వినపడిందట మోత. వీడియోలు చూసి తేల్చేశారు.

"టైర్లు కాదమ్మా, బేరింగ్. కుడి చక్రం. కుడికి తిప్పితే పెరుగుతోంది మోత. ఆదివారం నేనే మార్చేస్తా."

కుడి అన్నాడు. కుడి అన్నాడు! నాకు నవ్వాగలేదు, వంటగదిలోకి పోయాను.

"నీకెందుకురా, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళు" అంది అమ్మ.

"నాన్న ఏ రోజైనా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడా?"

ఆ మాటకి ఒళ్ళు మండింది. నాన్న పేరు వాడి నోట్లో. పప్పు గిన్నె దబ్బున దించాను.  అప్పుడు చెప్పి ఉండొచ్చు. నన్నెవరూ అడగలేదు.

జూన్ 15

అమ్మ నన్ను అడిగింది. సరిగ్గా చెప్పాలంటే, "వాడు చేసేది సరేనంటావా?" అంది.

"నాకేం తెలుసు, నేను ఆడపిల్లని" అన్నాను.

అమ్మ మొహం చిన్నబోయింది. బాగా అయింది అనుకున్నాను.

జూన్ 16, ఆదివారం

పొద్దున్నుంచీ కిటికీలో నిలబడ్డాను. నా పనేదో చేసుకుంటున్నట్టు గుడ్డలు మడతపెడుతూ. మడతపెట్టినవే మళ్ళీ మడతపెట్టాను.

వాడు నాన్న పెట్టె తెరిచాడు. చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టు విప్పాలంటే బండి నేల మీదే ఉండాలి, ఒకళ్ళు లోపల కూర్చుని బ్రేక్ తొక్కిపట్టాలి. లేకపోతే పానాతో పాటు చక్రమూ తిరిగిపోతుంది. మరదల్ని కూర్చోబెట్టాడు. ఆవిడ ఒక కాలితో బ్రేక్ తొక్కుతూ ఫోన్ చూసుకుంటోంది. "గట్టిగా తొక్కవే!" "తొక్కానండీ బాబూ!" పానాకి ఇనప గొట్టం తొడిగి దాని మీద నిలబడితేగానీ నట్టు కదల్లేదు. ఆ గొట్టం కిటుకు నాన్నది. వాడెప్పుడు చూశాడో మరి.

తర్వాత జాకీ, దాని పక్కన ఊతానికి స్టాండు. స్టాండు పెడతాడనుకోలేదు. బ్రేక్ తాలూకు ముక్క విప్పి కిందికి వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకి కట్టాడు. ఇదీ అనుకోలేదు. బేరింగ్ ఉన్న ఇనప ముక్క విప్పుకుని లేత్ వాడి దగ్గరికి పట్టుకుపోయాడు. సుత్తితో బాదకుండా మెషీను మీద పాతది నొక్కి తీయించి, కొత్తది ఎక్కించుకొచ్చాడు. పని శుభ్రంగా చేశాడు. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ నాన్న చేసినట్టే చేశాడు. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది.

కాకపోతే చక్రం వేరేది.

విప్పిన బేరింగ్‌ని చెత్తబుట్టలో పడేశాడు. వాడు స్నానానికి పోయాక తీసి గుడ్డతో తుడిచి, వేలు దూర్చి తిప్పాను. సున్నితంగా, నిశ్శబ్దంగా తిరిగింది. ఒక్క గర్ర్ లేదు. బంగారం లాంటి బేరింగ్. దాన్ని నా బీరువాలో చీరల కింద పెట్టుకున్నాను. ఎందుకో తెలీదు.

సాయంత్రం వాడు సందులో ఒక చుట్టు తిప్పుకొచ్చి "అమ్మా, మోత పోయింది!" అని కేకేశాడు. సందులో ఆ వేగానికి మోత ఎలాగూ ఉండదు. రేడియో కూడా బాగుచేయించుకున్నాడు.

జూన్ 18, మంగళవారం

మోత పోలేదు. పెరిగింది. ఇప్పుడు రొదకి తోడు కింద నుంచి సన్నగా రంపం కోత. స్టీరింగులో వణుకు.

సంతోషం వేసింది. ఇక్కడ అబద్ధం రాసుకోవడం దేనికి.

అమ్మని వెనకే కూర్చోబెట్టాను. "నడుం పట్టేస్తోందే, ముందు కూర్చుంటా" అంది. "కాలు చాపుకోవచ్చని చెప్పాను కదా" అని కసిరాను.  వస్తూ వస్తూ మధ్యలో ఆగి చక్రం మధ్య చెయ్యి పెట్టి చూశాను. ఎడమది వేడిగా ఉంది, కుడిది చల్లగా.

"ఏం చూస్తున్నావే?" అంది అమ్మ కిటికీలోంచి.

"గాలి."

తాళాలు మెట్ల మీద పెట్టేటప్పుడు వాడు పైన నిలబడి ఉన్నాడు. "మోత పోయిందా అని అడుగమ్మా ఆవిణ్ణి" అన్నాడు, వెటకారంగా నవ్వుతూ.

అడిగాడు. అది అడగడమే కదా. కానీ ఆ నవ్వుకి జవాబు చెప్పాలా నేను?

"ఆయన చేశాక పోకుండా ఉంటుందా" అన్నాను.

జూన్ 20

చెబుదామని సగం మెట్లు ఎక్కాను. పైన ఇద్దరూ ఏదో చూసి పడీపడీ నవ్వుతున్నారు. దిగొచ్చేశాను.

జూన్ 21

అమ్మ మోకాలు. ఇంకేం రాయలేను.

జూన్ 22

నిన్న పని చేస్తుండగా ఫోను. మరదలు. "వదినా, అత్తయ్యకి..." అని ఏడుపు. నేను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించిన పేషెంటుని గదిలో అలాగే వదిలేసి పరిగెత్తాను. ఆయన బొత్తాం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో పాపం.

పెద్ద రోడ్డు మీద చక్రం వదులై ఊగిపోయిందట. బ్రేక్ తొక్కితే పెడల్ నేలకి పోయిందట. రెండోసారి తొక్కితే పట్టింది, కానీ ఈలోపే బండి పక్కనున్న రాయికి గుద్దుకుంది. వాడికేం కాలేదు. అమ్మ ముందు సీట్లో ఉంది. ఆపరేషన్ అయిన మోకాలు వెళ్ళి ఎదురుగా ఉన్న డాష్‌బోర్డుకి కొట్టుకుంది. ఎముక విరగలేదన్నారు. కానీ లోపల వాచిపోయింది, మళ్ళీ మొదట్నుంచీ అన్నారు. మెట్ల మాట ఇప్పట్లో లేదు. నేను వెళ్ళేసరికి అమ్మ ఆసుపత్రి మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. వాడు మూలన కుర్చీలో. చొక్కా మీద దుమ్ము.

వాణ్ణి చూడగానే ఇన్నాళ్ళ మౌనం బద్దలైంది.

"అమ్మని ముందెందుకు కూర్చోబెట్టావురా?" అని అరిచాను. "వెనక కూర్చోబెట్టాలని తెలీదా? నేను మంగళవారం మంగళవారం వెనక కూర్చోబెట్టడం లేదా?"

వాడు తలెత్తాడు. "ముందు కూర్చుంటే ఏం? అమ్మ ఎప్పుడూ ముందేగా కూర్చుంటుంది. వెనకెందుకు కూర్చోబెట్టాలి?"

అమ్మ దుప్పటి సర్దడం మొదలుపెట్టాను.

వాడు నన్నే చూస్తున్నాడు. మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు, "వెనకెందుకు కూర్చోబెట్టావక్కా?" అన్నాడు.

అక్కా అన్నాడు. నాన్న పోయాక మొదటిసారి.

"కాలు చాపుకోవడానికి..."

"నీకు తెలుసు" అన్నాడు. "ఏ చక్రమో నీకు తెలుసు. నేను కుడిది విప్పుతుంటే కిటికీలో నిలబడి చూశావు."

అమ్మ కళ్ళు తెరిచి ఉంది. ఎప్పుడు తెరిచిందో. నా వైపు కాదు, పైకప్పు వైపు చూస్తోంది.

"గాలి చూస్తున్నానన్నావ్ కదే" అంది.

జూన్ 23

నేనేం చేశాను? నేను విప్పానా, నేను బిగించానా? తాళాలు వాడివి, పెట్టె వాడిది, మగపిల్లాడు వాడు. నా మంగళవారాలు నేను జాగ్రత్తగానే ఉన్నాను. నెమ్మదిగా నడిపాను. అమ్మని వెనక కూర్చోబెట్టాను. నా వంతు రోజుల్లో అమ్మకి గీత పడలేదు.

శుక్రవారాల గురించి నాకు తట్టలేదు.

జూన్ 24

తట్టింది. ప్రతి శుక్రవారమూ తట్టింది. వాడి చేతిలో ఏదైనా చిన్నది జరిగితే అమ్మే తాళాలు తెచ్చి నా చేతిలో పెడుతుందని కూడా తట్టింది. చిన్నది అనుకున్నాను.

జూన్ 26

అమ్మ నాతో మాట్లాడుతోంది. మంచినీళ్ళు ఇవ్వు, దుప్పటి తియ్యి, కిటికీ వెయ్యి. అంతవరకే. నిన్న కట్టు మార్పించడానికి అద్దె కారు పిలిపించుకుని మరదలిని తోడు తీసుకెళ్ళింది. నేను సెలవు పెట్టి చీర మార్చుకుని గుమ్మంలో నిలబడే ఉన్నాను.

బండిని తాళ్ళు కట్టి లాక్కొచ్చి ఇంటి ముందు పడేశారు. ముందు ఎడమ చక్రం పక్కకి వాలి ఉంది.

జూన్ 30, ఆదివారం

వాడు కొత్త బేరింగ్ తెచ్చాడు. ఎడమది. పెట్టె దింపి మరదల్ని పిలిచాడు.

"ఈసారి నేను తొక్కను బాబూ" అంది ఆవిడ పైనుంచి. "అన్నీ తెలిసినావిడ కింద ఉందిగా, ఆవిణ్ణే తొక్కమనండి." ఎప్పుడూ వదినా వదినా అనే నోరు.

నేనే వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. సీటు వెనక్కి నెట్టి ఉంది. ముందుకి లాక్కున్నాను. అమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని, వాకర్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. వాచిన కాలు పీట మీద.

వాడు నట్టుకి పానా తగిలించి, గొట్టం తొడిగి, "అమ్మా, తొక్కమని చెప్పు" అన్నాడు.

అమ్మ పీట మీద కాలు సర్దుకుంది.

"అమ్మా, ఆవిణ్ణి బ్రేక్ తొక్కమను."

అమ్మ సందు చివరికి చూస్తోంది. నేను కూడా "అమ్మా, తొక్కే ఉన్నానని చెప్పు" అన్నాను. ఊహూఁ. మేమిద్దరం అక్కడ లేనట్టే ఉంది.  చివరికి వాడు కిటికీ అద్దం మీద పిడికిలితో కొట్టాడు.

"తొక్కు."

"తొక్కాను."

"ఇంకా."

"ఇంతకంటే కాలు విరుగుతుంది."

"విరగనీ" అన్నాడు.

నట్టు కిర్రుమని తిరిగింది. ఆ తర్వాత పనంతా అలాగే సాగింది. పట్టు. వదులు. అటు కాదు. నీ మొహం, ఇటు. పనిముట్టు అందించమంటే అందించాను. అడగకముందే అందించినప్పుడు లాక్కున్నాడు. లేత్ వాడి దగ్గర నొక్కి తీయించిన పాత బేరింగ్‌ని ఇంటికి తెచ్చాడు. లోపలి గుండ్లు కాలి నీలం తిరిగాయి, కొన్ని పగిలాయి, గ్రీజు మసై రాలుతోంది. దాన్ని నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"ఇదిగో నువ్వు మాకు చెప్పకుండా దాచుకున్నది. ఎప్పట్నుంచి తెలుసు?"

"నువ్వు కుడిది విప్పకముందు నుంచీ."

"నాన్నకి చాలా గర్వంగా ఉండేది" అన్నాడు. ఉమ్మేసినట్టు అన్నాడు.

నేనూ ఊరుకోలేదు. "టార్చి పట్టుకోవడానికి నువ్వు ఏ రోజైనా వచ్చావా?" అన్నాను.

"రానిచ్చావా?" అన్నాడు. "నేనొస్తే టార్చి నీ వైపు తిప్పేసుకునేదానివి. చీకట్లో గోడ మీద కూర్చుని చూసేవాణ్ణి."

గొట్టం కిటుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది.  

చక్రం బిగించాక ఇద్దరం చెరో పక్కా నిలబడ్డాం. వాడు పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదల్లేదు. తిప్పాడు. నేను స్ప్రింగు మీద చెయ్యి వేశాను. ఏమీ లేదు. వాడు చేతులు గుడ్డకి తుడుచుకుని, జేబులోంచి తాళాలు తీసి పనిముట్ల పెట్టె మీద పడేసి, ఆ పెట్టెని కాలితో నా వైపు తోశాడు.

"ఉంచుకో. మంగళవారాలు నీవే, శుక్రవారాలూ నీవే. నేనిక ఈ బండి ఎక్కను."

మెట్లెక్కి పోయాడు. అమ్మ వాకర్ మీద లేచి లోపలికి పోయింది. తాళాలూ, పెట్టే నా ముందున్నాయి.

జూలై 2, మంగళవారం

నిన్న సాయంత్రం పనిముట్లన్నీ తుడిచి నాన్న పెట్టుకున్న వరసలో సర్దాను. సీటు నాకు సరిపడేట్టు జరిపాను. అద్దం సరిచేశాను. ఇక ఎవరూ మార్చరు.

ఈ రోజు వ్యాయామాలు మళ్ళీ మొదలు. అమ్మ వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. ముందు సీటు తుడిచి, నడుముకి దిండు పెట్టి, తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను.

అమ్మ వాకర్ నెట్టుకుంటూ నన్ను దాటిపోయి, వెనక తలుపు తానే లాక్కుని, ఆయాసపడుతూ ఎక్కింది.

"ముందు కూర్చో అమ్మా. చక్రం బాగయింది. వాడూ నేనూ ఇద్దరం చూశాం."

అమ్మ వాచిన కాలిని రెండు చేతులతో ఎత్తి సీటు మీద పెట్టుకుంది.

"ఇక్కడే బాగుందిలే" అంది. "కాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుంది కదా."

పెద్ద రోడ్డెక్కాక వేగం పెంచాను. కుడికి తిప్పాను, ఎడమకి తిప్పాను. ఏ మోతా లేదు. ఏదైనా వినపడుతుందేమోనని ఆసుపత్రి దాకా చెవులు రిక్కించుకునే ఉన్నాను. వెనక నుంచి కూడా ఏమీ వినపడలేదు.